టీవీ సొమ్ము, ఆటగాళ్ల వలస: మారిపోతున్న కాలేజీ ఫుట్‌బాల్

అమెరికాలో సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా శనివారం అంటే కాలేజీ ఫుట్‌బాల్. మిగతా ప్రపంచం ఫుట్‌బాల్ అని పిలుచుకునే ఆట కాదిది. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతూ, విసురుతూ, అడ్డొచ్చినవారిని ఢీకొంటూ జట్టుకు పదకొండు మంది చొప్పున ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌ది ఆదివారం. శనివారం మాత్రం విశ్వవిద్యాలయాలదే. మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్ పట్టణ జనాభా 2020 లెక్కల ప్రకారం 1.24 లక్షలు. అక్కడి విశ్వవిద్యాలయ స్టేడియంలో సీట్లు 1,07,601. చదువు ముగించుకుని వెళ్లిపోయి ముప్పై నలభై ఏళ్లయిన పూర్వ విద్యార్థులు కూడా కుటుంబాలతో సహా ఆ రోజుకు తిరిగి వస్తారు. తాము చదివిన కాలేజీతో వారికి మిగిలిన బంధం చాలావరకు ఈ ఆటే.

ఈ ఆటకు రెండు ఆధారాలు ఉండేవి. ఇరుగుపొరుగు రాష్ట్రాల కాలేజీలు ఏటా తమలో తాము తలపడటం మొదటిది. ఒక కాలేజీలో చేరిన కుర్రాడు చదువు పూర్తయ్యేదాకా అక్కడే ఆడటం రెండోది. టీవీ ప్రసార హక్కుల సొమ్ము మొదటిదాన్ని కదిలించింది. ఆటగాళ్లకు దొరికిన బదిలీ స్వేచ్ఛ రెండోదాన్ని కదిలించింది. ఈ రెండు మార్పులూ వేర్వేరు కాదు. ఆట మీద వచ్చే ఆదాయం కొండంత పెరిగాక, ఆడేవారికి మాత్రం ఏమీ ఇవ్వకూడదన్న వాదన కోర్టుల్లో నిలబడలేదు. మార్పు ఎలా వచ్చిందో వరుసగా చూస్తే ఆ సంబంధం స్పష్టమవుతుంది.

పాత అమరిక

తొలి కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ 1869 నవంబరు 6న న్యూజెర్సీ రాష్ట్రంలో రట్గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీల మధ్య జరిగింది. తర్వాతి దశాబ్దాల్లో ఆట మోటుగా మారి, మైదానంలో ప్రాణాలు పోయే దాకా వెళ్లింది. 1905లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ప్రముఖ కాలేజీల ప్రతినిధులను పిలిపించి మాట్లాడారు. మరుసటి ఏడాది కాలేజీలు కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. నేటి ఎన్‌సీఏఏ అదే. నిబంధనలు రాసేది, తప్పు చేసిన జట్లను శిక్షించేది ఆ సంఘమే. ఆటగాళ్లు ఔత్సాహికులుగానే ఉండాలని, జీతం పుచ్చుకోరాదని దాని మూల సూత్రం. స్కాలర్‌షిప్ కింద ఫీజు, వసతి, భోజనం ఇచ్చేవారు. అంతకు మించి చేతికి డబ్బు ఇస్తే జట్టుకు శిక్ష పడేది.

మ్యాచ్‌ల ఏర్పాటు చూసేవి కాన్ఫరెన్సులు. కాన్ఫరెన్స్ అంటే ఒక ప్రాంతపు విశ్వవిద్యాలయాల కూటమి. మధ్య పశ్చిమ రాష్ట్రాలవారు 1896లో బిగ్ టెన్‌కు పునాది వేశారు. పసిఫిక్ తీరంలో 1915లో మొదలైన కూటమి కాలక్రమంలో పాక్-12 అయింది. దక్షిణాది విశ్వవిద్యాలయాలు 1932లో ఎస్‌ఈసీని ఏర్పరచుకున్నాయి. అప్పట్లో ప్రయాణమంటే రైలే కాబట్టి ప్రత్యర్థి దగ్గరి ఊరివాడే అయ్యేవాడు. ఒకే ఇంట్లో అన్న ఒక కాలేజీ, తమ్ముడు ఇంకో కాలేజీ కావడం మామూలు. ఏటా ఒకే వారంలో, ఒకే ప్రత్యర్థితో జరిగే పోటీలకు నూరేళ్ల చరిత్ర ఉండటం ఇలాగే సాధ్యమైంది.

ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. ఎన్‌ఎఫ్‌ఎల్‌కు కింది స్థాయి లీగులు లేవు. హైస్కూలు వదిలి మూడేళ్లు గడవనిదే ఎన్‌ఎఫ్‌ఎల్ ఎవరినీ తీసుకోదు. అంటే పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఆ స్థాయికి వెళ్లాలంటే దాదాపు ఒక్కటే దారి, కాలేజీ జట్టు. కాలేజీలకు ఆ ప్రతిభ ఉచితంగా దొరికేది, ఎన్‌ఎఫ్‌ఎల్‌కు తయారైన ఆటగాళ్లు దొరికేవారు.

హక్కులు ఎవరివి?

టీవీ వచ్చిన తొలినాళ్లలో ఎన్‌సీఏఏ దాన్ని ఆదాయంగా కాక ప్రమాదంగా చూసింది. ఇంట్లో కూర్చుని చూడగలిగితే స్టేడియానికి ఎవరు వస్తారన్నది దాని భయం. అందుకే 1950ల ఆరంభం నుంచి వారానికి ఎన్ని మ్యాచ్‌లు చూపాలో, ఏ జట్టు ఎన్నిసార్లు తెర మీద కనిపించాలో తానే నిర్ణయించింది. దేశమంతా చూడాలనుకునే పెద్ద జట్లకు ఇది మింగుడుపడలేదు. ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయాలు కోర్టుకెక్కాయి. 1984 జూన్ 27న అమెరికా సుప్రీంకోర్టు 7-2 తేడాతో వాటి పక్షాన నిలిచింది. ప్రసారాలను ఇలా కట్టడి చేయడం గుత్తాధిపత్య నిరోధక చట్టానికి విరుద్ధమని తేల్చింది. తీర్పుతో విభేదించిన ఇద్దరిలో ఒకరు జస్టిస్ బైరన్ వైట్. కాలేజీ రోజుల్లో కొలరాడో జట్టుకు ఆడి దేశమంతా పేరు తెచ్చుకున్న ఆటగాడాయన. ఈ ఆటను మామూలు వ్యాపారంలా చూడరాదని, విద్యాపరమైన లక్ష్యాలూ లెక్కలోకి రావాలని ఆయన భావించారు.

ఆ తీర్పుతో హక్కులు కాలేజీల చేతికి వచ్చాయి. తొలి ఏడాది మ్యాచ్‌లు వెల్లువెత్తి ధర పడిపోయింది. అయితే 1979లో మొదలైన ఈఎస్‌పీఎన్ అప్పటికే కేబుల్ ద్వారా ఇంటింటికీ చేరుతోంది. రోజంతా చూపించడానికి దానికి ఆటలు కావాలి. కాన్ఫరెన్సులు తమ సభ్యుల హక్కులన్నీ కలిపి ఒకే మూటగా అమ్మడం నేర్చుకున్నాయి. ఏ కాన్ఫరెన్స్‌లోనూ చేరకుండా స్వతంత్రంగా ఉన్న నోటర్ డామ్ విశ్వవిద్యాలయం 1991 నుంచి తన సొంత మైదానంలోని మ్యాచ్‌లను ఎన్‌బీసీకి నేరుగా అమ్ముకుంటోంది.

తర్వాతి మలుపు కేబుల్ చందా. చానల్ చూసినా చూడకపోయినా ఆ ప్యాకేజీ తీసుకున్న ప్రతి ఇంటి నుంచీ నెలకు కొంత చానల్ యజమానికి చేరుతుంది. 2007లో బిగ్ టెన్ సొంత చానల్ పెట్టింది. 2014లో అదే కాన్ఫరెన్స్ తూర్పున ఉన్న రట్గర్స్‌ను, మేరీల్యాండ్‌ను చేర్చుకుంది. మైదానంలో రట్గర్స్ గొప్ప జట్టేమీ కాదు. కానీ అది ఉన్నది న్యూయార్క్ పక్కన. ఆ మహానగరంలోని లక్షలాది కేబుల్ ఇళ్ల చందా లెక్కలోకి వస్తుంది. జట్టును దాని ఆటను బట్టి కాక, దాని చుట్టూ ఉన్న టీవీలను బట్టి విలువ కట్టడం అక్కడ బాహాటమైంది.

స్ట్రీమింగ్ వచ్చి కేబుల్ కనెక్షన్లు తగ్గుతున్నా ఆట ధర తగ్గలేదు, పెరిగింది. సినిమాను, సీరియల్‌ను ఎప్పుడైనా చూడొచ్చు. మ్యాచ్‌ను మాత్రం జరుగుతున్నప్పుడే చూస్తారు, మధ్యలో ప్రకటనలూ చూస్తారు. ప్రకటనదారులకు అలాంటి ప్రేక్షకులు ఇప్పుడు ఇంకెక్కడా దొరకడం లేదు. అందుకే 2022లో బిగ్ టెన్‌తో ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీ ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లకు పైగా విలువైన ఒప్పందం చేసుకున్నాయి. నాటి మారకం ప్రకారం అది సుమారు 55 వేల కోట్ల రూపాయలు. అదే ఏడాది ఐపీఎల్ ఐదేళ్ల ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలు పలికాయి. ఐపీఎల్ ఒక దేశపు ప్రధాన లీగ్ కాగా, బిగ్ టెన్ అనేక కాలేజీ కూటముల్లో ఒకటి మాత్రమే. ఎస్‌ఈసీ మ్యాచ్‌లన్నీ 2024 నుంచి ఈఎస్‌పీఎన్, దాని సోదర చానల్ ఏబీసీల చేతికి వెళ్లాయి. జాతీయ విజేతను తేల్చే ప్లేఆఫ్ హక్కులను 2031-32 సీజన్ దాకా ఈఎస్‌పీఎన్ 780 కోట్ల డాలర్లకు ఉంచుకుంది. నాలుగు జట్లతో సాగిన ప్లేఆఫ్ 2024 సీజన్ నుంచి పన్నెండు జట్లకు పెరిగింది. మ్యాచ్‌లు పెరిగితే అమ్మడానికి సరుకూ పెరిగినట్టే.

డబ్బిచ్చినవారి మాట షెడ్యూలులోనూ చెల్లుతుంది. మ్యాచ్ ఏ గంటకు మొదలవుతుందో చాలాసార్లు కొన్ని రోజుల ముందు మాత్రమే చానల్ ఖరారు చేస్తుంది. దూరం నుంచి వచ్చే అభిమాని అప్పటిదాకా టికెట్టూ బసా తేల్చుకోలేడు. ఒహాయో, మిషిగన్ పరిసరాల్లోని చిన్న విశ్వవిద్యాలయాల కూటమి మిడ్-అమెరికన్ కాన్ఫరెన్స్ నవంబరులో మంగళ, బుధవారాల రాత్రి ఆడుతుంది. శనివారం పెద్ద జట్ల మధ్య దానికి తెర మీద చోటు లేదు. వారం మధ్యలో చోటు ఖాళీ. గడ్డకట్టే చలిలో, మర్నాడు క్లాసులున్న విద్యార్థులు సగం ఖాళీ స్టేడియంలో ఆడేది ఆ కాస్త టీవీ సమయం కోసమే.

చెదిరిన కూటములు

ఒక్కో కాన్ఫరెన్స్‌కు వచ్చే మొత్తానికీ పక్కదానికీ అంతరం పెరిగేకొద్దీ పెద్ద జట్లు గూడు మారడం మొదలుపెట్టాయి. 2021 జూలైలో టెక్సస్, ఓక్లహోమా విశ్వవిద్యాలయాలు బిగ్ 12 కాన్ఫరెన్స్‌ను వదిలి ఎస్‌ఈసీలోకి వెళ్తామని ప్రకటించాయి. దానికి జవాబన్నట్టు 2022 జూన్ 30న లాస్ ఏంజెలెస్‌లోని యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ పాక్-12ను వదిలి బిగ్ టెన్‌లో చేరుతున్నట్టు చెప్పాయి. పాక్-12కు అది గుండెలో బాణం. లాస్ ఏంజెలెస్ ప్రేక్షకులు లేకుండా కొత్త ప్రసార ఒప్పందం కోసం ఆ కాన్ఫరెన్స్ ఏడాది తిరిగినా మంచి ధర దొరకలేదు. చివరికి ఆపిల్ సంస్థ నుంచి వచ్చినది చందాదారుల సంఖ్యతో ముడిపడిన స్ట్రీమింగ్ ప్రతిపాదన. రేపు ఎంత వస్తుందో తెలియని దానికి సభ్యులు సిద్ధపడలేదు. కొలరాడో ముందే వెళ్లిపోయింది. 2023 ఆగస్టు 4న ఒక్క రోజే ఒరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కు, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కు తరలిపోయాయి. నూరేళ్లు దాటిన కూటమి అలా కూలింది.

పసిఫిక్ ఒడ్డున ఉన్న స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలు దిక్కులేక అట్లాంటిక్ తీరపు కూటమి ఏసీసీలో చేరాయి. వాటితో పాటు చేరిన డాలస్‌లోని ఎస్‌ఎంయూ తొమ్మిదేళ్ల పాటు ఏసీసీ టీవీ ఆదాయంలో వాటా వద్దని ఒప్పుకుంది. ఆ లోటును పూడ్చేది దాని సంపన్న దాతలే. ఆటగాళ్లకు రహస్యంగా డబ్బు ఇచ్చినందుకు 1987లో ఎన్‌సీఏఏ ఒక సీజన్ మొత్తం ఆడనివ్వకుండా శిక్షించిన విశ్వవిద్యాలయం కూడా ఇదే. పెద్ద కూటమిలో చోటు దొరకడానికి దానికి మూడున్నర దశాబ్దాలకు పైగా పట్టింది.

ఎవరూ పిలవని రెండు జట్లు మిగిలాయి. వాషింగ్టన్ స్టేట్ ఉన్నది పుల్‌మన్‌లో, ఒరెగాన్ స్టేట్ ఉన్నది కార్వాలిస్‌లో. రెండూ చిన్న ఊళ్లు, చుట్టుపక్కల పెద్ద టీవీ మార్కెట్ లేదు. వాటి ఆటలో లోపం లేదు, అభిమానుల్లో నిబద్ధతకూ కొదవ లేదు. కోర్టుకు వెళ్లి పాక్-12 ఆస్తుల మీద అధికారం సంపాదించుకుని, రెండు సీజన్లు ఇద్దరే సభ్యులుగా నెట్టుకొచ్చాయి. బాయిసీ స్టేట్, ఫ్రెస్నో స్టేట్ వంటి జట్లను చేర్చుకుని 2026లో ఆ పేరును మళ్లీ నిలబెట్టుకుంటున్నాయి.

పోటీలూ చెదిరాయి. 1910 నుంచి ఒక్క ఏడాదీ తప్పకుండా జరిగిన ఓక్లహోమా, ఓక్లహోమా స్టేట్ మ్యాచ్ 2023తో ఆగిపోయింది. టెక్సస్, టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయాల పోరుకు ఇలాంటి చీలిక వల్లే 2011 తర్వాత పన్నెండేళ్లకు పైగా విరామం వచ్చింది. రెండూ ఒకే కాన్ఫరెన్స్‌కు చేరాకే 2024లో తిరిగి మొదలైంది. ఒక రాష్ట్రపు ప్రజలు ఏడాదంతా చెప్పుకునే మ్యాచ్, ఆ రాష్ట్రంలో లేనివారు చేసుకున్న ఒప్పందాల వల్ల ఆగిపోవడం ఈ మార్పుల్లో చాలామందిని బాధపెట్టిన అంశం.

ప్రయాణ భారం ఎక్కువగా పడేది ఫుట్‌బాలర్ల మీద కాదు. వారు వారానికి ఒక్క మ్యాచ్, అదీ ప్రత్యేక విమానంలో వెళ్లి ఆడతారు. సాఫ్ట్‌బాల్, వాలీబాల్, సాకర్ జట్లు కూడా అదే కాన్ఫరెన్స్‌కు కట్టుబడి వారం మధ్యలో దేశాన్ని అడ్డంగా దాటాలి. లాస్ ఏంజెలెస్ నుంచి రట్గర్స్‌కు దాదాపు 4,000 కిలోమీటర్లు, మూడు గంటల కాలమాన తేడా. ఫుట్‌బాల్ టీవీ కోసం గీసిన పటంలో, ఆ టీవీతో సంబంధం లేని అమ్మాయిలు పరీక్షల ముందు విమానాశ్రయాల్లో చదువుకోవలసి వస్తోంది.

ఆటగాడి వాటా

ఆదాయం పెరిగినంత కాలం అది కోచ్‌ల జీతాలకు, స్టేడియాల విస్తరణకు, శిక్షణ భవనాలకు వెళ్లింది. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ ఖజానా పరిధిలోని ఉద్యోగులందరిలో ఎక్కువ జీతం అందుకునేది గవర్నరు కాదు, విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ లేదా బాస్కెట్‌బాల్ కోచ్. 2023 నవంబరులో టెక్సస్ ఏ అండ్ ఎం తన కోచ్ జింబో ఫిషర్‌ను ఒప్పందం ముగియకముందే పంపించేసినప్పుడు చెల్లించాల్సిన మొత్తం సుమారు 7.6 కోట్ల డాలర్లు. అదే జట్టు కుర్రాడు తన సంతకం అమ్ముకుంటే సస్పెన్షన్ పడే రోజులు అప్పటికి రెండేళ్ల క్రితం దాకా ఉన్నాయి. పని మానేయించడానికి కోట్లు ఇవ్వగలిగిన చోట ఆడేవాడికి ఇవ్వడానికి లేదనడం న్యాయమని ఎవరినీ ఒప్పించలేకపోయారు.

కోర్టు పోరాటాన్ని మొదలుపెట్టినవారిలో యూసీఎల్‌ఏ మాజీ బాస్కెట్‌బాల్ ఆటగాడు ఎడ్ ఓబానన్ ముఖ్యుడు. ఒక వీడియో గేమ్‌లో తన రూపాన్ని అనుమతి లేకుండా వాడుకున్నారని ఆయన 2009లో వేసిన కేసు ఎన్‌సీఏఏ గోడకు తొలి బీట పెట్టింది. ఆటగాళ్లు తమ పేరు, రూపం ద్వారా సంపాదించుకోవచ్చని 2019లో కాలిఫోర్నియా చట్టం చేసింది, ఇతర రాష్ట్రాలు అనుసరించాయి. 2021 జూన్ 21న ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పిచ్చారు. ఆ కేసు చదువుకు సంబంధించిన సదుపాయాల మీదే అయినా, ఔత్సాహికత పేరుతో ఏ కట్టడి అయినా చెల్లుతుందన్న నమ్మకం ఆ రోజుతో పోయింది. పది రోజుల్లో, జూలై 1 నుంచి, ప్రకటనల ద్వారా సంపాదనకు ఎన్‌సీఏఏ తలుపు తీసింది.

ఆ తలుపు గుండా అనుకున్నదానికన్నా ఎక్కువ వచ్చింది. పూర్వ విద్యార్థులు, దాతలు కలిసి కలెక్టివ్ అనే నిధులు ఏర్పరిచారు. పేరుకు ప్రకటన ఒప్పందం, నిజానికి జీతం. చివరకు 2025 జూన్ 6న ఫెడరల్ న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించిన, ఎన్‌సీఏఏ మీద ఆటగాళ్లు వేసిన హౌస్ కేసు రాజీతో కాలేజీలే ఆటగాళ్లకు నేరుగా చెల్లించే రోజు వచ్చింది. 2025-26లో ఒక్కో విశ్వవిద్యాలయం అన్ని క్రీడలకూ కలిపి 2.05 కోట్ల డాలర్ల దాకా ఇవ్వవచ్చు. ఇది సుమారు 175 కోట్ల రూపాయలు. 2025 ఐపీఎల్‌కు ఒక్కో జట్టుకు ఉన్న కొనుగోలు పరిమితి 120 కోట్లు. గతంలో ఏమీ అందుకోని ఆటగాళ్లకు పదేళ్ల వ్యవధిలో దాదాపు 280 కోట్ల డాలర్ల పరిహారం ఇవ్వాలని కూడా ఆ రాజీలో ఉంది. బయటి ఒప్పందాలు నిజమైనవో కావో చూడటానికి కాలేజ్ స్పోర్ట్స్ కమిషన్ ఏర్పడింది. 600 డాలర్లకు చేరిన ప్రతి ఒప్పందాన్నీ దానికి చూపించాలి.

బదిలీ ద్వారం

ఒకప్పుడు కాలేజీ మారాలనుకున్న ఫుట్‌బాలర్ ముందు కోచ్ అనుమతి అడగాలి. ఫలానా కాలేజీకి వెళ్లరాదని కోచ్ అడ్డుపడగలిగేవాడు. వెళ్లినా ఒక సీజన్ ఆడకుండా కూర్చోవాలి. కోచ్ మాత్రం సీజన్ మధ్యలో కూడా ఎక్కువ జీతానికి వేరే చోటుకు పోవచ్చు. ఈ అసమానతే సంస్కరణకు దారి తీసింది.

2018 అక్టోబరు 15న ట్రాన్స్‌ఫర్ పోర్టల్ మొదలైంది. ఇది కాలేజీల సిబ్బంది చూడగలిగే ఒక ఆన్‌లైన్ జాబితా. ఆటగాడు తన కాలేజీలో నిబంధనలు చూసే కార్యాలయానికి రాతపూర్వకంగా చెబితే చాలు, రెండు పనిదినాల్లో అతని పేరు అందులో ఎక్కించాలి. ఎవరి అనుమతీ అక్కర్లేదు. పేరు ఎక్కిన క్షణం నుంచి దేశంలోని ఏ కోచ్ అయినా అతనికి ఫోన్ చేయవచ్చు. 2021లో ఒకసారి మారితే ఏడాది కూర్చోనక్కర్లేదన్న వెసులుబాటు వచ్చింది. 2023 డిసెంబరులో కొన్ని రాష్ట్రాలు వేసిన కేసులో ఫెడరల్ కోర్టు మిగిలిన ఆంక్షనూ నిలిపివేసింది. 2024 ఏప్రిల్‌లో ఎన్‌సీఏఏ దిగివచ్చింది. చదువులో అర్హత ఉంటే ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడవచ్చు.

డబ్బూ బదిలీ హక్కూ దాదాపు ఒకే కాలంలో రావడంతో ప్రతి సీజన్ చివరా ఒక సంత మొదలైంది. 2026లో పోర్టల్ తెరిచి ఉన్నది జనవరి 2 నుంచి 16 దాకా మాత్రమే. ఆ రెండు వారాల్లో కోచ్ తన జట్టులో ఉన్నవారిని నిలుపుకోవాలి, పోయినవారి చోట కొత్తవారిని తెచ్చుకోవాలి. పెద్ద విశ్వవిద్యాలయాలు ఇప్పుడు ఎన్‌ఎఫ్‌ఎల్ తరహాలో జనరల్ మేనేజర్లను పెట్టుకుంటున్నాయి. హైస్కూలు కుర్రాడిని తెచ్చి మూడేళ్లు తీర్చిదిద్దడం కన్నా, మరో చోట రెండేళ్లు ఆడి పండిన వాడిని తెచ్చుకోవడం వారికి సులువు.

ఈ స్వేచ్ఛ ఆటకు మేలూ చేసింది. దశాబ్దాల పాటు ఓటములకు మారుపేరైన ఇండియానా విశ్వవిద్యాలయం 2023లో మూడే మ్యాచ్‌లు గెలిచింది. ఆ ఏడాది చివర కోచ్‌గా వచ్చిన కర్ట్ సిగ్నెటీ తన పాత జట్టు జేమ్స్ మాడిసన్ నుంచి చాలామందిని వెంట తెచ్చుకున్నారు. 2025 సీజన్‌కు కాలిఫోర్నియా నుంచి క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజా వచ్చాడు. బంతి విసిరి ఆట నడిపించే స్థానం అది, జట్టుకు అతనే మెదడు. మెండోజా ఆ ఏడాది అత్యుత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ అందుకున్నాడు. 2026 జనవరి 19న జరిగిన ఫైనల్లో ఇండియానా 27-21తో మయామీని ఓడించి, పదహారు మ్యాచ్‌లూ గెలిచి జాతీయ విజేత అయింది. మయామీ క్వార్టర్‌బ్యాక్ కార్సన్ బెక్ కూడా జార్జియా నుంచి వచ్చినవాడే. పాత నిబంధనలుంటే ఇండియానా లాంటి జట్టు ఈ ఎత్తుకు చేరడం ఊహకందనిది. 2022, 2023, 2024 హైస్మన్ విజేతలు కేలబ్ విలియమ్స్, జేడెన్ డేనియల్స్, ట్రావిస్ హంటర్ కూడా కాలేజీ మారినవారే.

నష్టపోయినవారు తెర మీద కనిపించరు. చిన్న విశ్వవిద్యాలయం ఒక కుర్రాడిలో ప్రతిభ గుర్తించి తయారు చేస్తే, అతను మెరవగానే పెద్ద జట్టు తన్నుకుపోతుంది. తయారు చేసినందుకు దానికి దక్కేది తరచూ శూన్యం. పోర్టల్‌లో పేరు పెట్టాక పాత కాలేజీ స్కాలర్‌షిప్ ఆపేయవచ్చు. కొత్త చోటు దొరక్కపోతే ఆటా పోతుంది, చదువూ మధ్యలో నిలుస్తుంది. నాలుగేళ్లలో మూడు కాలేజీలు మారిన విద్యార్థికి ఒక చోట చదివిన సబ్జెక్టుల క్రెడిట్లు ఇంకో చోట లెక్కకు రాక డిగ్రీ వెనకబడుతుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌కు చేరేది పిడికెడు మందే. మిగిలిన వేలమందికి ఆఖరికి అన్నం పెట్టేది ఆ డిగ్రీయే.

మిగతా క్రీడలు, మిగతా విద్యార్థులు

అమెరికా కాలేజీల్లో ఈత, అథ్లెటిక్స్, జిమ్నాస్టిక్స్, రెజ్లింగ్ జట్ల ఖర్చును చాలాచోట్ల మోసేది ఫుట్‌బాల్ ఆదాయమే. అమెరికా ఒలింపిక్ జట్టులో అత్యధికులు ఈ కాలేజీ జట్లలో తయారైనవారే. ఇప్పుడు ఆటగాళ్ల చెల్లింపులకు ఏటా కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి రావడంతో ముందుగా కత్తెర పడేది ఈ చిన్న క్రీడలకే. రాజీలో ఫుట్‌బాల్ జట్టుకు 105 మంది పరిమితి పెట్టడంతో, స్కాలర్‌షిప్ లేకుండా ఇష్టంతో జట్టులో చేరే విద్యార్థులకూ చోట్లు తగ్గాయి.

మహిళల ప్రశ్న ఇంకా తేలలేదు. ప్రభుత్వ సాయం పొందే విద్యాసంస్థల్లో లింగ వివక్ష కూడదని 1972 నాటి టైటిల్ నైన్ చట్టం చెబుతుంది. పాత ఆటగాళ్లకిచ్చే పరిహారంలో సింహభాగం ఫుట్‌బాల్, పురుషుల బాస్కెట్‌బాల్ వారికే వెళ్లేలా లెక్క వేయడంతో కొందరు క్రీడాకారిణులు అప్పీలుకు వెళ్లారు. కొత్త చెల్లింపులను కూడా చాలా కాలేజీలు టీవీ ఆదాయం నిష్పత్తిలోనే పంచుతున్నాయి.

విదేశీ క్రీడాకారులది మరో ఇబ్బంది. అమెరికాలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులకు బాగా తెలిసిన ఎఫ్-1 వీసా నిబంధనలే వారికీ వర్తిస్తాయి. క్యాంపస్ బయట పని చేయడం మీద ఆంక్షల వల్ల, పక్కన కూర్చున్న అమెరికా సహచరుడు చేసుకునే ప్రకటన ఒప్పందం వారికి చాలావరకు అందదు. టీవీ సొమ్ము పెద్దగా రాని అనేక విశ్వవిద్యాలయాలు క్రీడా విభాగాన్ని నడపడానికి విద్యార్థుల ఫీజులోనే క్రీడా రుసుము కలుపుతాయి. ఇక్కడి నుంచి అప్పు చేసి వెళ్లిన విద్యార్థి కూడా, ఒక్క మ్యాచ్ చూడకపోయినా, ఆ పోటీ ఖర్చులో తన వంతు కడుతున్నాడు.

చిక్కుముడి ఎక్కడుంది

ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్టు జీతాల మొత్తానికి పరిమితి ఉంది, ఒప్పందం నడుస్తుండగా ఆటగాడు ఇష్టం వచ్చినట్టు పోలేడు. అది చట్టం ముందు నిలబడుతోంది, ఎందుకంటే ఆటగాళ్ల సంఘంతో కూర్చుని మాట్లాడి రాసుకున్న నిబంధనలవి. ఎన్‌సీఏఏ నిబంధనలు కాలేజీలు తమలో తాము రాసుకున్నవి. ఆటగాళ్ల సంతకం లేని కట్టుబాటును కోర్టులు ఒకదాని తర్వాత ఒకటి కొట్టేస్తున్నాయి. 2014లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ ఫుట్‌బాలర్లు యూనియన్ పెట్టుకోవచ్చని కార్మిక బోర్డు ప్రాంతీయ కార్యాలయం అన్నా, మరుసటి ఏడాది పూర్తి బోర్డు ఆ విషయంలో తలదూర్చడానికి నిరాకరించింది. హౌస్ రాజీ తర్వాత కూడా ఆటగాళ్లు ఉద్యోగులు కారు. చెల్లింపు ఉంది, ఉద్యోగం లేదు. మార్కెట్ ఉంది, దాన్ని కుదురుగా నడిపే ఒడంబడిక లేదు. నేటి గందరగోళానికి మూలం ఇదే.

కాలేజీ పెద్దలు అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) వైపు చూస్తున్నారు. తమ నిబంధనలకు గుత్తాధిపత్య చట్టం నుంచి మినహాయింపు ఇవ్వాలని, ఆటగాళ్లను ఉద్యోగులుగా గుర్తించకుండా చట్టం చేయాలని కోరుతున్నారు. 2025 జూలైలో అధ్యక్షుడు ట్రంప్ కాలేజీ క్రీడల మీద ఒక కార్యనిర్వాహక ఉత్తర్వు ఇచ్చారు. పార్లమెంటు నుంచి ఆ మినహాయింపు ఒక్కటే దొరికితే, కోర్టులు ఆటగాళ్లకు ఇచ్చిన స్వేచ్ఛ మళ్లీ వెనక్కి పోతుంది. ఆటగాళ్లతో సామూహిక ఒప్పందం చేసుకోవడం రెండో దారి. రెండు మూడేళ్ల కాంట్రాక్టు, మధ్యలో పోతే తయారు చేసిన కాలేజీకి పరిహారం, గాయమైతే వైద్యం, డిగ్రీ పూర్తయ్యేదాకా స్కాలర్‌షిప్ హామీ అందులో రాసుకోవచ్చు. కాలేజీలకు స్థిరత్వం, ఆటగాళ్లకు భద్రత రెండూ దొరికే మార్గం ఇదొక్కటే.

కాన్ఫరెన్సుల విషయంలో కూడా ఒక సూచన బలంగా వినిపిస్తోంది. ఫుట్‌బాల్‌ను విడదీసి దాని దారిన దేశవ్యాప్త లీగ్‌గా నడవనిచ్చి, మిగతా క్రీడలను పాత ప్రాంతీయ కూటముల్లోకి తిరిగి చేర్చాలన్నది ఆ సూచన. వాలీబాల్ జట్టు ఖండం దాటనక్కర్లేదు, పొరుగువారితో పోటీలు నిలుస్తాయి. ఆదాయ పంపిణీలో మాత్రం అంతరం పెరిగే సూచనలే ఉన్నాయి. 2026 నుంచి ప్లేఆఫ్ సొమ్ములో సగానికి పైగా బిగ్ టెన్, ఎస్‌ఈసీలకే వెళ్తుంది. 2023లో ఆడిన పదమూడు మ్యాచ్‌లూ గెలిచిన ఏసీసీ విజేత ఫ్లోరిడా స్టేట్‌కు నాలుగు జట్ల ప్లేఆఫ్‌లో చోటు దక్కలేదు. ఆ వెంటనే ఆ విశ్వవిద్యాలయం తన కాన్ఫరెన్స్ మీదే కోర్టుకు వెళ్లింది. 2025లో కుదిరిన రాజీ ప్రకారం ఏసీసీ ఇప్పుడు ఎక్కువమంది చూసే జట్లకు ఎక్కువ వాటా ఇస్తోంది. అంటే వీక్షకుల సంఖ్యే గీటురాయి అనే సూత్రం కూటముల మధ్య నుంచి కూటముల లోపలికి కూడా వచ్చేసింది.

ఆటగాడికి డబ్బు ఇవ్వడం వల్ల కాలేజీ ఫుట్‌బాల్ పాడైందన్న మాట తరచూ వినిపిస్తుంది. క్రమం చూస్తే అది నిజం కాదు. 1984లో హక్కులు అమ్ముకున్నది, పొరుగు జట్లను వదిలి దూరపు సొమ్ముకు పరుగెత్తింది, కోచ్‌లకు కోట్లు కుమ్మరించింది విశ్వవిద్యాలయాలే. ఆటగాళ్లు చివరగా వచ్చి తమ వాటా అడిగారు, కోర్టులు అది న్యాయమన్నాయి. టీవీ సొమ్మును ఎవరూ వద్దనరు, అక్కర్లేదు కూడా. ఆ సొమ్మును ఆడేవారితో కలిసి రాసుకున్న నియమాల ప్రకారం పంచుకుంటారా, టీవీ మార్కెట్ లేని ఊళ్లకు, ఆదాయం తేని క్రీడలకు అందులో చోటు ఉంచుతారా అన్నదే విశ్వవిద్యాలయాల ముందున్న ప్రశ్న. దానికి జవాబు చానళ్లు ఇవ్వవు. చదువు చెప్పడానికి పుట్టిన సంస్థలు తామే ఇవ్వాలి.